మసకగా కనిపించే నక్షత్రం: దూరమా, దుమ్మా?

ప్రశ్న: పక్క గెలాక్సీల దూరం నిజంగా కొలుస్తారా, ఉజ్జాయింపుగా చెప్తారా? మధ్యలో దుమ్ము ఉంటే లెక్క తప్పదా?

కొలుస్తారు. దుమ్మును కూడా కొలుస్తారు. దుమ్ము గురించి మాట్లాడే హక్కు మా ఊరివాళ్లకు కాస్త ఎక్కువే ఉంది. మాది చీమకుర్తి. నల్లరాయి మీద బంగారు చుక్కలుండే మా గ్రానైట్‌ను లోకమంతటా గెలాక్సీ పేరుతోనే అమ్ముతారు. మెరుపు కొనుక్కున్నవాళ్లది, దుమ్ము మాది.

దసరా సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్ ఎంపీసీ. రాత్రి డాబా మీద వాడికి శ్రవణం చూపించాను. వరసలో మూడు నక్షత్రాలు, నడిమిది బాగా మెరుస్తుంది. ఆ వరసను దక్షిణానికి పొడిగిస్తూ కాస్త పడమరకు జరిగితే ఈటా అక్విలే అనే నక్షత్రం. ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉండే సెఫీడ్ జాతిది. దాని వెలుగు మారుతుందని 1784లో ఎడ్వర్డ్ పిగాట్ ఇంగ్లండ్‌లో కనిపెట్టాడు, మామూలు కంటితో చూసినా తెలిసిపోతుంది. ఆ రాత్రి అది శ్రవణంలోని మసక నక్షత్రం బీటా కన్నా కాస్త ఎక్కువగానే వెలుగుతోంది. నాలుగైదు రోజులు పోయాక చూస్తే బీటాకన్నా స్పష్టంగా తగ్గింది.

"క్వారీలో బ్లాస్టింగ్ చేశారు గదా మామా, దుమ్ము లేచిందేమో" అన్నాడు.

"దుమ్మయితే పక్కదాన్ని వదిలేస్తదా? బీటా అట్నే ఉంది చూడు."

కాసేపు ఊరుకున్నాడు. "సరే, ఆ దుమ్ము మన గాలిలో కాకుండా పైన, ఆ నక్షత్రానికి అడ్డంగా ఉంటే? అప్పుడు ఎప్పుడూ మసకే గదా. దూరంగా ఉందనుకుంటాం."

రెండేళ్లుగా వాడి కాలేజీలో నాలుగు ఆప్షన్లలో ఒకటి గీకడం తప్ప ఇంకేం చేయించలేదు. ప్రశ్న అడిగితే సిలబస్‌లో లేదంటారట. అలాంటి చోట చదివే పిల్లాడి నోట ఈ ప్రశ్న వచ్చిందంటే ఆ ఘనత కాలేజీది కాదు, డాబాది.

అడ్డంగా ఎంత దుమ్మున్నా ఈటా అక్విలే ఒకసారి ఉబ్బి, కుంచించుకోవడానికి 7 రోజుల 4 గంటలే పడుతుంది. దుమ్ము వెలుగును మింగగలదు గాని ఆ వేళలను మార్చలేదు. సెఫీడ్‌కు ఎక్కువ రోజులు పడితే దాని అసలు వెలుగు ఎక్కువ అని హెన్రియెట్టా లెవిట్ 1912లో చూపించింది, మనకు దగ్గర్లోని చిన్న గెలాక్సీ, చిన్న మెగల్లానిక్ మేఘంలోని 25 నక్షత్రాలతో. అంటే రోజులు లెక్కపెడితే అసలు వెలుగు తెలుస్తుంది. కనిపించే వెలుగును దాంతో పోలిస్తే దూరం వస్తుంది. నన్నడిగితే ఇవాళ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్‌కు ఉన్న పేరులో సగం ఆవిడకు రావాలి. ఆయన 1923లో పక్క గెలాక్సీ ఆండ్రోమెడాలో పట్టుకున్నది 31 రోజుల సెఫీడ్‌నే, కొలిచింది ఆవిడ సూత్రంతోనే. ఆయన లెక్కకు సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది, ఇప్పటి లెక్క 25 లక్షలు. ఈ తేడాకు పెద్ద కారణం, సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని తర్వాత వాల్టర్ బాడే తేల్చేదాకా ఎవరికీ తెలియకపోవడం.

ఇక దుమ్ము. నక్షత్రాల మధ్య ఉండేది మా క్వారీ దుమ్ములా ముతకది కాదు. మాది అన్ని రంగులనూ ఇంచుమించు ఒకే రకంగా అడ్డుకుంటుంది. అక్కడిది మైక్రాన్‌కన్నా, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా సన్నం, అందుకే నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా మింగుతుంది. పరారుణ కాంతిలో, 2.2 మైక్రాన్ల దగ్గర, మామూలు వెలుగులో పోయేదాంట్లో పదో వంతే పోతుంది. కాబట్టి ఒకే సెఫీడ్‌ను రెండు మూడు రంగుల్లో కొలుస్తారు. నీలంలో లెక్కిస్తే దూరం ఎక్కువగా, ఎరుపులో లెక్కిస్తే తక్కువగా వచ్చిందంటే ఆ తేడా దుమ్ముదే. ఎంత దుమ్మో తేలుతుంది, దాన్ని తీసేస్తే అసలు దూరమూ తేలుతుంది. చిలీ నుంచి ఆకాశాన్ని గాలించే ఓగుల్ (OGLE) అనే సర్వే చిన్న, పెద్ద మెగల్లానిక్ మేఘాల్లో 9 వేలకు పైగా సెఫీడ్‌లను పట్టింది. ఆ సర్వేలోని ఇలాంటి నక్షత్రాలతో ఆ మేఘాల దుమ్ముకు మ్యాపులే గీశారు. ఆ మేఘాలు మన జిల్లా నుంచి చూడాలనుకోవద్దు. పెద్దది దక్షిణాన ఐదు డిగ్రీలు లేస్తే గొప్ప, అక్కడంతా పొగమంచు, లారీల ధూళి.

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్ అనే మెట్లలో కొలుస్తారు. దుమ్ము వల్ల నీలానికీ పసుపుకూ మధ్య తేడా ఒక మాగ్నిట్యూడ్ పెరిగితే పసుపులో వెలుగు 3.1 మాగ్నిట్యూడ్లు తగ్గినట్టు లెక్క వేస్తారు. అది మన పాలపుంత సగటు. చిన్న మెగల్లానిక్ మేఘంలో ఆ అంకె ఇంకాస్త తక్కువ. ఊరూరికీ దుమ్ము మారుతుందని నేను వేరే చెప్పాలా? విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందన్న దానిమీద ఒక పద్ధతిలో 67, సెఫీడ్‌లతో కొలిస్తే 73 అని పెద్ద గొడవ నడుస్తోంది. అందులో దుమ్ముకు వాటా ఉందనే నా అనుమానం. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణంలో చూసి హబుల్ టెలిస్కోపు కొలతలు సరిగానే ఉన్నాయంది. ఆ సంగతీ తెలుసు, అయినా నా అనుమానం నాదే.

మీరూ చూడాలనుకుంటే సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాలు మంచివి. ఈటాను బీటాతో పోల్చి కాగితం మీద రాసుకోండి. ఫోన్ మాత్రం కింద పెట్టి రండి. ఒక్కసారి స్క్రీన్ చూశారంటే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది.