పాత ల్యాప్‌టాప్‌కు 22 వేలు పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. వాళ్లక్క కోసం 2018లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు వాడు వాడుతున్నాడు. ఐ5 ఎనిమిదో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేశాక పది నిమిషాలకు గానీ మాట వినదు. షాపులో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, కీబోర్డు అన్నీ మార్చాలి, 22 వేలవుతుందన్నారు. వాడేమో ప్లేస్‌మెంట్స్‌కి గ్రాఫిక్స్ కార్డున్న 80 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ ఉండాల్సిందే అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రెండూ వద్దండి. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్), ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్ వేయించండి. బ్యాటరీ సంగతి పరీక్షించాక చూద్దాం. కీబోర్డులో ఒకటి రెండు మీటలు పనిచేయకపోతే ఇంట్లో వాడుకోవడానికి యూఎస్‌బీ కీబోర్డు చాలు.

పాత ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టేముందు అందులో మార్చడానికి వీల్లేనిది ఎలా ఉందో చూడాలి. ఈ తరహా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. అవి పాతబడితే ఎన్ని మార్చినా ఖర్చు దండగే. ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. మామూలు ల్యాప్‌టాప్‌లలో ఏడో జనరేషన్ ఐ5కి రెండే కోర్లుండేవి, ఎనిమిదో జనరేషన్‌తో అవి నాలుగయ్యాయి. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించేది కూడా దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మీది ఆరో, ఏడో జనరేషన్ అయ్యుంటే నా సలహా వేరేగా ఉండేది.

ఇక ఆ పది నిమిషాల సంగతి. మీ అబ్బాయిని టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి చూడమనండి. ఆన్ చేసిన కొత్తలో డిస్క్ 100 శాతం దగ్గర, మెమరీ 80, 90 దగ్గర కనిపిస్తాయనే నా అంచనా. ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీగానే ఉంటుంది. 4 జీబీలో సగానికి పైగా విండోసే తినేస్తుంది. దాని మీద క్రోమ్, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ తెరిస్తే ర్యామ్ చాలక, పట్టనిదంతా హార్డ్ డిస్క్ మీదికి చేరుతుంది. లోపల పళ్లెం తిరుగుతూ, ముల్లు వెతుక్కుంటూ చదివే డిస్క్ అది. ఎక్కడెక్కడో ఉన్న చిన్న చిన్న ఫైళ్లను తేవడంలోనే దానికి ఆయాసం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అందుకే ముందు డిస్క్, ఆ తర్వాతే ర్యామ్.

కొనేముందు అదే పేజీలో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. ఒకటి ఖాళీగా ఉంటే 8 జీబీ డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్ అందులో పెట్టేయొచ్చు, మొత్తం 12 అవుతుంది. ఆ చదువుకు అది చాలు. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ సరిపోతుంది. బోర్డు మీదే ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎమ్.2 స్లాట్ ఉంటే అది సాటా రకమా, ఎన్‌వీఎమ్‌ఈ రకమా అని మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి, ఒకదానికి కొన్నది రెండోదాంట్లో పనిచేయకపోవచ్చు. స్లాట్ లేకపోతే హార్డ్ డిస్క్ ఉన్న చోటే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది. మీవాడి పనికి ఈ రెంటికీ తేడా పెద్దగా తెలియదు. మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో 2025 చివర్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింటి ధరలూ బాగా ఎగబాకాయి, కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి. హైదరాబాద్ వచ్చే పనుంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనూ ఒకసారి కనుక్కోండి.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని ఆదేశం ఇస్తే ఒక రిపోర్టు ఫైలు తయారవుతుంది, కొత్తలో ఎంత సామర్థ్యం ఉండేదో, ఇప్పుడు ఎంత నిలుస్తోందో అందులో ఉంటాయి. హాస్టల్‌లో ప్లగ్ దగ్గరే కూర్చుని చదివేవాడైతే సగానికి పడిపోయినా ఫర్వాలేదు. కానీ టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. ఆ రోజే వాడటం ఆపి, తీయించేయండి.

ఇప్పుడు మీ అబ్బాయి వాదన. రంగురంగుల లైట్లు లేకపోయినా జావా కంపైల్ అవుతుంది బాబూ! కోడింగ్ ప్రాక్టీస్ సైట్లలో నీ ప్రోగ్రామ్ నడిచేది వాళ్ల సర్వర్ మీద. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడానికి బ్రౌజర్‌లోనే నడిచే గూగుల్ కోలాబ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పరిమితంగానైనా ఉచితంగానే దొరుకుతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో కాస్త బరువే. తెర మీదే ఉత్తుత్తి ఫోన్‌ను నడిపే ఎమ్యులేటర్ జోలికి పోకుండా నీ ఫోన్‌నే కేబుల్‌తో కలిపి యాప్ పరీక్షించుకో. ఇంటర్వ్యూలో నిన్ను అడిగేది చేసిన ప్రాజెక్టుల గురించి. ఉద్యోగంలో చేరాక చాలా ఐటీ కంపెనీలు ల్యాప్‌టాప్ వాళ్లే ఇస్తాయి. అయితే ఒకటి, ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ టెస్టుల్లో కెమెరా, మైకు పనిచేయకపోతే ఇబ్బంది. వాటిని మాత్రం ఇప్పుడే చూసుకో.

మెకానికల్‌లో ఉండి సాలిడ్‌వర్క్స్, అన్సిస్ లాంటి ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు రోజూ వాడాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డు మాట నేనూ ఒప్పుకునేవాణ్ణి. సీఎస్‌ఈలోనూ గేమ్ డెవలప్‌మెంట్ వైపు నిజంగా వెళ్తానంటే మూడో సంవత్సరం చివర్లో మళ్లీ ఆలోచించండి. అప్పుడు కొంటే 16 జీబీ ర్యామ్ ఉన్నది, లేదా ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉన్నది చూసి కొనండి. చాలా సన్నటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు.

షాపుకిచ్చే ముందు అక్క ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే చోట కాపీ చేసుకోండి. విండోస్ ఎక్కించే పని మీవాడినే చేయనివ్వండి, ఒక సాయంత్రం పడుతుంది. తీసేసిన హార్డ్ డిస్క్ షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకుంటే, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు.