స్కాన్ ఫైల్ ఉంటే క్యాడ్ మోడల్ ఉన్నట్టేనా?

పాత మిషన్ పార్ట్‌ను లేజర్ స్కాన్ చేయించాను, దాన్ని ఎడిట్ చేసుకునేలా క్యాడ్‌లోకి, అంటే కంప్యూటర్ డ్రాయింగులోకి, మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు ఆ పార్ట్‌కు వెర్నియర్ (చేత్తో కొలిచే సాధనం) పెట్టి చూశారా? నా లెక్కలో సగం పని అక్కడే అయిపోతుంది.

నేను వరంగల్‌లో పదిహేనేళ్లుగా మెషిన్ షాపులో పనిచేస్తున్నాను, మొదటి ఏడేళ్లు లేత్ మీదే. రెండేళ్ల కింద దసరా దాటాక ఎనుమాముల దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. యార్డుకు పత్తి రావడం మొదలైంది, మిల్లులో మాత్రం పత్తిని పైపులోంచి లాగే ఫ్యాన్ ఆగిపోయింది. దాని షాఫ్టుకు ఉండే బేరింగ్ హౌసింగ్, అంటే బేరింగ్ కూర్చునే పోత గూడు, పాతది, అరిగిపోయింది. బయట అలాంటిది దొరకదని వేరేచోట స్కాన్ చేయించి కొత్తది చేయించుకున్నారు. అది మూడు రోజులు కూడా నడవలేదు.

నేను పోయేసరికి సేటు తల పట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, కంప్యూటర్ల జేసిండ్రు, అచ్చం పాతదాని లెక్కనే ఉంది. మరెందుకు కాలింది?" అన్నాడు. కొత్త హౌసింగ్ విప్పితే బోరు (బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రం) లోపల నీలం రంగు తిరిగి ఉంది. బేరింగ్ బయటి రింగు నిలబడకుండా బోరులో తిరిగి తిరిగి వేడెక్కింది.

పాత హౌసింగ్ తెచ్చి కొలిచాను. బెల్టు లాగే వైపు బోరు 62.6 మిల్లీమీటర్లు, అడ్డంగా 62.3. కోడిగుడ్డులా సాగింది. స్కాన్ చేసినవాళ్లు సగటు తీసి 62.45 పెట్టారు. అందులో కూర్చునేది 6206 బేరింగ్, నంబరు దాని మీదే ఉంది. దాని బయటి వ్యాసం 62 మిల్లీమీటర్లు. బోరు మామూలుగా 62.00 నుంచి 62.03 లోపు ఉండాలి. స్కానర్ అబద్ధం చెప్పలేదు, అరుగుదలను ఉన్నదున్నట్టు చూపింది. దాన్ని డిజైన్ అనుకోవడమే తప్పు. బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా ఫైల్‌లో 114.1 ఉంది. ఆ పాత మిషన్ అంగుళాల లెక్కది. నాలుగున్నర అంగుళాలంటే 114.3, అసలు ఉండాల్సింది అదే.

వాళ్ల క్యాడ్ ఫైల్ తెరిస్తే బాధేసింది. స్కాన్ మీద తానే ఉపరితలం పరిచే ఆటో సర్ఫేస్ బటన్ నొక్కి వదిలేశారు. బోరు వ్యాసం మార్చుదామంటే అక్కడ సిలిండరే లేదు, అతుకులు అతుకులుగా వంద ముక్కలు. స్కాన్‌లో వచ్చే మెష్ అంటే చిన్న చిన్న త్రిభుజాల తొడుగు. దాన్ని స్టెప్ ఫైల్‌గా (క్యాడ్ సాఫ్ట్‌వేర్లన్నీ తెరిచే ఫైల్ రకం) సేవ్ చేసినంత మాత్రాన ఎడిట్ చేయడానికి రాదు.

నేను మొదటి నుంచి గీశాను. కింది చదును ముఖాన్ని ఒక ప్లేన్‌గా, బోరు నడిమిని యాక్సిస్‌గా పెట్టి మెష్‌ను వాటికి సరిచేశాను. అక్కడక్కడా సెక్షన్ కోసి, ఆ గీత మీద కొత్త స్కెచ్ వేశాను. మెషినింగ్ చేసే ముఖాలకు చేతి కొలతలు, పోత ఉపరితలానికి స్కాన్ కొలతలు. చివర మోడల్‌ను మెష్ మీద పెట్టి తేడా చూశాను. బోరు దగ్గర తేడా ఎర్రగా వచ్చింది; మెష్‌లో ఉన్నది అరిగిన బోరు కాబట్టి అక్కడ ఎరుపు రావాల్సిందే. ఆ హౌసింగ్ రెండు సీజన్లుగా నడుస్తోంది.

రామప్ప గుడి మదనిక శిల్పాన్ని స్కాన్ చేస్తే వేరు, అరిగిన గీత కూడా పోకూడదు. అక్కడ మెష్ చాలు. ఫ్యాన్ రెక్కల లాంటి వంపులకు ఆటో సర్ఫేస్ కూడా పనికొస్తుంది.

నా కోపమంతా కోచింగ్ సెంటర్ల మీద. మూడు నెలల్లో వంద కమాండ్లు నేర్పిస్తారు, ఒక్క ఫిట్ గురించి, అంటే ఒక భాగం ఇంకోదాంట్లో ఎంత బిగువుగా కూర్చోవాలో, చెప్పరు. మా దగ్గరికి వచ్చే పిల్లలు తెలివైనవాళ్లే, కానీ మైక్రోమీటర్ పట్టుకోమంటే చేతులు వణుకుతాయి. వాళ్లను ఆరు నెలలు లేత్ దగ్గర నిలబెట్టండి, తర్వాత మౌస్ ఇవ్వండి.

సాఫ్ట్‌వేర్ అడిగారు కాబట్టి: డబ్బుంటే జియోమాజిక్ డిజైన్ ఎక్స్, లేకపోతే ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌తో మొదలుపెట్టండి. మీది మామూలు స్పర్ గేర్ (నిటారు పళ్ల గేర్) అయితే స్కాన్‌లో పళ్లను గీయకండి. పళ్లు లెక్కపెట్టండి, ఆ సంఖ్యకు 2 కలిపి దాంతో బయటి వ్యాసాన్ని భాగించండి. 20 పళ్లు, వ్యాసం 65.5 అనుకుంటే 2.98 వస్తుంది. మాడ్యూల్ అంటే పంటి సైజు చెప్పే అంకె; అది 3 మాడ్యూల్ గేర్, కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం 66. మోడల్‌లో 66 పెట్టండి.