ఎండ్రకాయ పట్టిన వేలు.. గడ్డ తగ్గడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ‘వాంపైర్ క్రాబ్స్’ను అద్దాల తొట్టిలో పెంచుతున్నాడు. ఊదారంగు ఒళ్లు, పసుపు కళ్లు. నెలన్నర కిందట ఒకటి వేలు పట్టుకుంది. గీరుకున్నచోట ఎర్రగా గడ్డ కట్టింది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ పూసినా తగ్గడం లేదు. ఈ ఎండ్రకాయలకు విషం ఉంటుందా?
- ఓ గృహిణి, తిరుపతి

జవాబు: విషం ఉండదమ్మా. ఆ కళ్లను చూసి పెట్టిన పేరే గానీ అవి రక్తం తాగేవేమీ కావు. జావా దీవి నుంచి వచ్చిన ఈ ఊదారంగు రకం ఒళ్లు బొటనవేలి గోరంత. దాని డెక్క చర్మాన్ని గీరడం మించి చేసేదేమీ లేదు. నా అనుమానమంతా తొట్టిలో నీళ్ల మీదే.

అలాంటి నీళ్లలో మైకోబ్యాక్టీరియం మెరైనం అనే క్రిమి ఉండొచ్చు. క్షయ క్రిమికి దాయాది. చిన్న గీత దొరికితే చాలు, లోపలికి పోతుంది. గడ్డ బయటపడేది రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. అప్పటికి ఎండ్రకాయ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు! ఈ క్రిమి 30-33 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. అందుకే ఒంట్లోకి పాకకుండా చల్లగా ఉండే వేళ్లు, చేతుల్లోనే తిష్ట వేస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు.

అదే అని చూడకుండా చెప్పలేను. ఫంగస్ గడ్డలూ ఇలాగే ఉంటాయి. రుయా ఆస్పత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. తొట్టి విషయం మీరే ముందు చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. చిన్న ముక్క తీసి బయాప్సీ, కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటం) చేస్తారు. మామూలుగా 37 డిగ్రీల దగ్గర పెట్టే కల్చర్‌లో ఇది సరిగా పెరగదు కాబట్టి ల్యాబ్‌కూ అనుమానం తెలియాలి. ఇదేనని తేలితే క్లారిత్రోమైసిన్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి. గడ్డ మాయమైందని మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుంది.

ఆ ఆయింట్‌మెంట్ ఈ రోజే ఆపేయండి. షాపులో అడక్కుండా ఇచ్చేవాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, ఇన్ఫెక్షన్‌కు అది మేత. వేలు వంగకపోయినా, జ్వరం వచ్చినా, గడ్డలు వరసగా మోచేతి వైపు పాకినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. పదేళ్లప్పుడు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా పడిందో లేదో కూడా చూసుకోండి.

ఎండ్రకాయల్ని పారేయమని చెప్పను. పుండు మానేదాకా పిల్లాడు తొట్టిలో చెయ్యి పెట్టకూడదు, అంతే. నీళ్లు మార్చే పెద్దవాళ్లు గ్లౌజులు వేసుకోండి. ఆ నీళ్లు వంటింటి సింకులో మాత్రం పోయొద్దు.