కర్నూలు పిన్‌కోడ్ 518001 ప్రధాన సంఖ్యేనా? కాకపోతే దానికి కారణాంకాలు ఎన్ని?

ప్రధాన సంఖ్య కాదు. అంకెల మొత్తం 15 కాబట్టి 3తో పోతుంది, భాగఫలం 172667. దీని అంకెలు కలిపితే 29, ఇక 3 పనికిరాదు. 7తో భాగిస్తే శేషం 5. 11 చూడండి: కుడి నుంచి బేసి స్థానాల్లో 7+6+7 = 20, సరి స్థానాల్లో 6+2+1 = 9. ఈ తేడా సున్నా గానీ 11 గుణిజం గానీ అయితే సంఖ్య 11తో పోతుంది. ఇక్కడ తేడా 11, కనుక నిశ్శేషంగా పోయి 15697 వస్తుంది.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 11 పని అయిపోయిందనుకుని 13కు వెళ్లిపోతారు. 15697లో బేసి స్థానాల మొత్తం 14, సరి స్థానాలదీ 14. తేడా సున్నా, అంటే మళ్లీ 11తోనే భాగించాలి. మిగిలేది 1427. 38 వర్గం 1444 దీన్ని దాటేస్తుంది కాబట్టి 37 వరకున్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు, ఏదీ భాగించదు. 23కీ 31కీ శేషం 1 వస్తుంది, అక్కడ తొందరపడొద్దు.

518001 = 3 × 11² × 1427. ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణిస్తే 2×3×2 = 12 కారణాంకాలు. రెండో 11ను వదిలేసి 15697ను ప్రధాన సంఖ్య అనుకుంటే 8 అని తప్పు జవాబు వస్తుంది.

ఇదే పద్ధతిలో అనంతపురం 515001 = 3×41×53×79. కడప 516001 = 17×127×239; వీటిలో ఓపిక ఎక్కువ కావాల్సింది దీనికే, 17 తర్వాత 127 దాకా ఏదీ పోదు.