ట్రిగ్గర్ తేలిక కావాలని మెయిన్ స్ప్రింగు కత్తిరించకండి

గుంటూరు నుంచి మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ .22 స్పోర్ట్ పిస్టల్ ట్రిగ్గర్ 1,150 గ్రాముల దగ్గర బరువుగా, గీరుకుపోతున్నట్టు ఉండేది. తెలిసినవారి సలహా మీద మెయిన్ స్ప్రింగు (తూటాను పేల్చే దెబ్బకు బలమిచ్చే స్ప్రింగు) ఒక చుట్టు కత్తిరించి బిగించాక లాగడం సుఖంగానే ఉంది గానీ, 50 తూటాల పెట్టెలో రెండు మూడు పేలడం లేదు. తప్పు తూటాలదా, పిస్టల్‌దా, తేలికైన ట్రిగ్గర్, నమ్మకంగా పేలడం రెండూ కలిసి దక్కే దారి ఉందా అని. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా 25 మీటర్ల పిస్టల్ సాధన చేస్తున్నాను. సరిగ్గా ఇదే పొరపాటు చేసి ఒక పోటీ పోగొట్టుకున్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక విషయం. 25 మీటర్ల పిస్టల్‌కు అంతర్జాతీయ నియమం ప్రకారం ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములు ఉండాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కైతే 500 గ్రాములు. అంటే మీకు తగ్గించుకునే హక్కు ఉన్నదే 150 గ్రాములు. ఆ 150 గ్రాములు మెయిన్ స్ప్రింగు జోలికి పోకుండానే దొరుకుతాయి. నా అనుభవంలో ఎప్పుడూ దొరికాయి.

మెయిన్ స్ప్రింగు మెత్తబడితే ట్రిగ్గర్ తేలికపడే మాట నిజమే. ఎక్కించిన హ్యామర్ (దెబ్బ కొట్టే సుత్తి) తన స్ప్రింగు బలమంతా సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా దాన్ని ఆపి ఉంచే కొక్కెం) మీద మోపి ఉంటుంది. ఆ రెండు ఉక్కు ముఖాల మధ్య రాపిడిని గెలిస్తేనే సియర్ జారుతుంది. ఒత్తిడి తగ్గితే రాపిడి తగ్గుతుంది, వేలికి హాయిగా తోస్తుంది. కానీ తూటా పేలడానికి కావలసిన శక్తి మొత్తం వచ్చేది కూడా ఆ స్ప్రింగు నుంచే. .22 తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో ఉండదు, అంచు మడత లోపల ఉంటుంది. ఫైరింగ్ పిన్ (హ్యామర్ దెబ్బకు ముందుకు వెళ్లి తూటాను కొట్టే పిన్ను) ఆ అంచును చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) నోటి ఉక్కుకు అదిమి నలిపితేనే నిప్పు పుడుతుంది. చాలినంత నలగకపోతే గుంత పడుతుంది గానీ తూటా పేలదు. పైగా చుట్టు కత్తిరించిన స్ప్రింగు మెత్తని స్ప్రింగు కాదు. మిగిలిన చుట్లు ప్రతి మిల్లీమీటరుకూ మునుపటి కన్నా గట్టిగానే ఉంటాయి; పోయేది మొదటి బిగువు. హ్యామర్ ప్రయాణం చివరిలో, అంటే పిన్నును తాకే క్షణంలో, తోడు లేకుండా పోయేది ఆ బిగువే.

నా సంగతి చెబుతాను. ఆటోనగర్‌లో స్ప్రింగుల పని బాగా తెలిసిన ఒక మెకానిక్ చేత నేను ఒకటిన్నర చుట్టు కోయించాను. సాధనలో రెండు పెట్టెలు నిక్షేపంగా పేలాయి, సంతోషించాను. పోటీలో ర్యాపిడ్ దశ మొదలైంది. టార్గెట్ మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు మరుగయ్యే ఆ వరుసలో, 45 డిగ్రీల నుంచి చెయ్యి లేపి నాలుగో గుండు లాగితే టక్కుమన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. పిస్టల్ టార్గెట్ల వైపే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి అధికారిని పిలిచాను. ఆ అంతరాయాన్ని వారు అంగీకరించారు. అయినా నష్టం అప్పటికే జరిగిపోయింది: మిగిలిన ప్రతి గుండుకూ ఇది పేలుతుందా లేదా అని మనసు ఎదురు చూస్తుంటే చెయ్యి ముందే బిగుసుకుపోయింది. ఆరు పాయింట్లు తూటా వల్ల పోతే, అంతకు రెండింతలు ఆ ఎదురుచూపు వల్ల పోయాయి. ట్రిగ్గర్ ఎంత మృదువుగా ఉన్నా, పేలుతుందన్న నమ్మకం లేకపోతే దాన్ని సాఫీగా లాగడం మనిషికి సాధ్యం కాదని ఆ రోజు నాకు తెలిసింది.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి, దీన్ని తేలికగా తీసుకోవద్దు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాల మరమ్మతుకు వేరే లైసెన్సు ఉండాలి. నేను ఆ మెకానిక్ దగ్గరకు వెళ్లడమే తప్పు. తయారీదారు మన సర్దుబాటుకు వదిలిన స్క్రూలు తిప్పుకోవడం, శుభ్రం చేసుకోవడం వరకే మన పని. ఉక్కును కోయడం, అరగదీయడం, విడిభాగం మార్చడం లైసెన్సు ఉన్న ఆర్మరర్ (ఆయుధాలు మరమ్మతు చేసే నిపుణుడు) పని.

ఇప్పుడు మీ పిస్టల్ లోపం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి. పేలని తూటాను కనీసం అర నిమిషం ఆగి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ఆ తరువాతే బయటికి తీయండి. కొన్ని ఆలస్యంగా పేలుతాయి. దాని అంచు మీద గుంతను భూతద్దంతో చూడండి. గుంత లోతుగా, పదునైన అంచులతో ఉంటే అనుమానం తూటా మీదకు పోతుంది. ఆ చోట మందు సరిగా పరచుకోకపోయి ఉండవచ్చు. రేంజ్ అధికారి అనుమతితో అదే తూటాను మళ్లీ పెట్టి, పిన్ను కొత్త చోట తగిలేలా తిప్పితే పేలిందంటే ఆ అనుమానానికి బలం వస్తుంది. గుంత లోతు తక్కువగా ఉంటే దెబ్బ బలహీనంగా ఉన్నట్టు. ఇక పాత గుంత మీదే రెండో దెబ్బకు పేలిందనుకోండి, మొదటిసారి తూటా చాంబర్‌లో పూర్తిగా కూర్చోలేదని, హ్యామర్ శక్తి దాన్ని ముందుకు నెట్టడానికే ఖర్చయిందని చాలాసార్లు అర్థం. చాంబర్ మురికిగా ఉన్నా, రీకాయిల్ స్ప్రింగు నీరసపడి స్లైడ్ (ప్రతి గుండుకూ వెనక్కి వెళ్లి, ఆ స్ప్రింగు బలంతో తిరిగి వచ్చి చాంబర్‌ను మూసే భాగం) పూర్తిగా మూసుకోకపోయినా ఇలాగే జరుగుతుంది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పరీక్ష ఇంకొకటి ఉంది. పేలిపోయిన ఖాళీ గుల్ల ఒకటి తీసుకుని, గుంత లేని చోటు పిన్ను కిందకు వచ్చేలా చాంబర్‌లో పెట్టి హ్యామర్ వదలండి. గుల్లను కొంచెం తిప్పి మళ్లీ వదలండి. ఇలా ఒకే గుల్ల అంచు చుట్టూ ఐదు గుంతలు వేయించండి. పేలుడు ఒత్తిడి తగలని శుభ్రమైన గుర్తులు అవి. నా భోజనాల బల్ల మీద తెల్ల కాగితం పరిచి, టేబుల్ ల్యాంపు పక్కకు వంచి చూస్తే, ఐదింటిలో మూడు గుంతలు చీకటి చతురస్రాలుగా, రెండు మాత్రం గోటితో నొక్కినట్టు పైపైన కనిపించాయి. అదే స్ప్రింగు, అదే హ్యామర్, మరి తేడా ఎందుకు? హ్యామర్ పక్క చెక్కిలి మీద మెరుస్తున్న సన్నని గీత సమాధానం చెప్పింది. అది ఒక్కొక్కసారి చట్రానికి రాసుకుంటోంది. బలమైన స్ప్రింగు ఉన్నంత కాలం ఆ రాపిడి బయటపడలేదు.

ఆర్మరర్ అసలు స్ప్రింగు కొత్తది వేసి, ఆ రాపిడి తీసేశాక గుంతలన్నీ ఒకే తీరుగా వచ్చాయి. అయినా సుమారు రెండు వందలకు ఒకటి పేలకుండా మిగిలింది. అప్పుడు చాంబర్ నోరు చూశారు. ఎప్పుడో ఖాళీగా డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చేసిన ఫలితంగా పిన్ను చాంబర్ అంచునే కొట్టి అక్కడ చిన్న పల్లం చేసింది. తూటా అంచుకు వెనుక దన్ను లేనప్పుడు ఎంత గట్టి దెబ్బయినా దాన్ని నలపలేదు. ప్రత్యేకమైన పనిముట్టుతో ఆ ఉక్కును తిరిగి సరిచేశారు. కనుక మీ పిస్టల్‌కు డ్రై ఫైర్ ఏర్పాటు లేకపోతే, ఖాళీ గుల్ల లేకుండా హ్యామర్ వదలవద్దు. గుల్లనైనా ప్రతిసారీ తిప్పుతూ వాడండి.

మన వాతావరణం గురించి ఒక మాట. కృష్ణ ఒడ్డున వానాకాలం తేమకు తుప్పు పడుతుందని భయపడి నూనె ధారాళంగా పోస్తాము. ఫైరింగ్ పిన్ను దారిలో నూనె మసితో, తూటా మైనంతో కలిసి జిగురుగా మారి పిన్నును నెమ్మదింపజేస్తుంది. ఆ దారి పొడిగా ఉండాలి. చాంబర్ నోటి దగ్గర మైనమూ సీసమూ కలిసి కట్టిన వలయాన్ని ప్రతి సాధన తరువాత తీయాలి.

ఇక ట్రిగ్గర్ తేలికపరచడం. అసలు మెయిన్ స్ప్రింగు తిరిగి వేయించాకే మొదలుపెట్టండి. రెండు దశల ట్రిగ్గర్‌లో (మొదట కొంత కదిలి ఆగి, ఆపైన ఇంకాస్త లాగితే పేలేది) బరువును మొదటి దశకు ఎక్కువ, రెండో దశకు తక్కువ పంచుకోవడం నా అలవాటు. నాది మొదటి దశ 750, రెండోది 290, మొత్తం 1,040 గ్రాములు. మీకు ఇదే నచ్చాలని లేదు గానీ, రెండో దశ మూడు వందల లోపు ఉంటే ట్రిగ్గర్ మొత్తం బరువును వేలు మరిచిపోతుంది. మొదటి దశ బరువును ట్రిగ్గర్ స్ప్రింగు స్క్రూతో తగ్గించండి. తిప్పే ముందు స్క్రూ మీద, పక్కన చట్రం మీద గోళ్ల రంగు చుక్క పెట్టుకుంటే వెనక్కి రావడం సులభం. ఒకసారికి ఎనిమిదో వంతు తిప్పు చాలు. ట్రిగ్గర్ వెనుక ఆపు స్క్రూను మరీ బిగిస్తే సియర్ విడిపోతూ హ్యామర్ కొక్కేన్ని గీరుతుంది. అప్పుడూ దెబ్బ శక్తి పోతుంది. సుఖం కోసం బిగించిన ఆ స్క్రూయే పేలకపోవడానికి కారణమైన పిస్టల్‌ను మా రేంజ్‌లో నేను స్వయంగా చూశాను.

సియర్ పట్టు తగ్గించే స్క్రూ విషయంలో మాత్రం అత్యాశ వద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. పట్టు మరీ సన్నమైతే స్లైడ్ మూసుకునే అదురుకే హ్యామర్ జారి, ఒక లాగుకు రెండు గుళ్లు పేలే ప్రమాదం ఉంది. మార్పు చేశాక మ్యాగజైన్‌లో మొదట ఒక్క తూటా, తరువాత రెండు మాత్రమే వేసి చూడండి. అన్నీ సవ్యంగా ఉంటేనే ఐదు నింపండి.

పోటీలో బరువు పరీక్షకు గొట్టాన్ని నిలువుగా పట్టి, ట్రిగ్గర్ మధ్య తగిలించిన కిలో బరువును నేల నుంచి లేపుతారు. ఇంట్లోనూ అలాగే తూచండి. ముప్పై నలభై గ్రాములు అదనంగా ఉంచుకోండి, ఎందుకంటే కొత్తగా సర్దిన స్ప్రింగు కొన్ని వందల గుళ్ల తరువాత కొంత సడలుతుంది.

చివరిగా, ఎన్ని గుళ్లు పేలితే నమ్మవచ్చు? నేను వంద తూటాలతో తృప్తిపడి మోసపోయాను. వంద కాల్చి ఒక్కటీ తప్పకపోయినా, అసలు లోపం నూటికి మూడు దాకా ఉండే అవకాశాన్ని గణితం కొట్టివేయదు. 300 తప్పకుండా పేలితే ఆ హద్దు నూటికి ఒకటికి దిగుతుంది. పోటీకి 60 గుళ్లు కావాలి కనుక, నేను ఇప్పుడు ఏ మార్పు చేసినా, పోటీలో వాడే రకం తూటాలతోనే, మధ్యలో శుభ్రం చేస్తూ, 300 పూర్తయ్యేవరకు ఆ పిస్టల్‌ను పోటీకి తీసుకువెళ్లను. తూటాల ఖరీదు తెలిసే చెబుతున్నాను.

ముందు ఆ ఖాళీ గుల్ల పరీక్ష చేసి, ఐదు గుంతలు ఒకే లోతున ఉన్నాయో, తేడాగా ఉన్నాయో ఇక్కడే రాయండి. తేడాగా ఉంటే హ్యామర్ పక్కలు చూడాలి. అన్నీ సమానంగా పైపైనే ఉంటే ఆర్మరర్‌ను కొత్త మెయిన్ స్ప్రింగు ఒక్కటే అడిగితే సరిపోతుంది.