మా అమ్మాయి సముద్ర తాబేళ్ల మీద పరిశోధన చేస్తానంటోంది, ఇదొక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు మండలం. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ, నీట్ కోచింగ్‌కి కూడా వెళ్తోంది. పోయిన ఏడాది అటవీశాఖవాళ్లు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే మా స్కూలు పిల్లలతో పాటు తననీ తీసుకెళ్లాను. అప్పట్నుంచి సముద్ర తాబేళ్ల మీద పరిశోధన చేస్తానని పట్టుపట్టింది. ఇదొక ఉద్యోగమేనా? జీతం వస్తుందా? రాత్రిళ్లు బీచిలో తిరిగే పనికి ఆడపిల్లని పంపొచ్చా? వాళ్లమ్మ రెండు రోజులుగా తనతో మాట్లాడటం లేదు.

జవాబు: మాస్టారూ, అవును, ఇది ఉద్యోగమే. జీతం వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది, మొదట్లో తక్కువ వస్తుంది. ఆ లెక్క కింద చెప్తాను. అంతకంటే ముందు ఒక మాట. మీ అమ్మాయి చూసింది ఈ పనిలో అన్నిటికంటే అందమైన పది నిమిషాలు. అరచేతిలో పట్టే పిల్లలు ఇసుక మీద పాక్కుంటూ అల అందుకోవడం చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది, నాదీ కరిగింది. అది చూసి వచ్చిన కోరికని పిల్లతనం అని కొట్టిపారెయ్యకండి. అలాగని ఆ పది నిమిషాలు చూసి పదేళ్లు నిర్ణయించుకోనివ్వకండి. మిగతా పని ఎలా ఉంటుందో తనకి తెలియాలి, తెలిసాక అడగాలి.

ఆ మిగతా పనిలో చాలా భాగం లెక్కలు. బైపీసీ పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఎమ్మెస్సీలోకి వచ్చాక బెదిరిపోతారు. ఎందుకో చెప్తాను. మీ ఊరి నుంచి ఇచ్ఛాపురం, బరంపురం దాటి వెళ్తే రెండు మూడు గంటల్లో గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకి వేలు ఒకేసారి ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే చోట్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే ఉన్నాయి, అందులో ఇదొకటి. 2025 ఫిబ్రవరిలో వారం పది రోజుల్లోనే ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టాయని ఒడిశా అటవీశాఖ చెప్పింది. మరి ఆ ఆరున్నర లక్షలు ఎలా లెక్కపెట్టి ఉంటారో మీ అమ్మాయిని అడగండి. చీకట్లో, ఒకదాన్ని తోసుకుంటూ ఇంకొకటి పైకి వస్తున్న తాబేళ్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇలాంటి చోట వాడే పద్ధతి ఏంటంటే, అలల దగ్గర్నుంచి పైన ఇసుక దిబ్బల దాకా కొన్ని పట్టీలు గీసుకుంటారు, రాత్రంతా కొంత కొంత సమయానికోసారి ఆ పట్టీల్లో నడిచి ఆ క్షణంలో గుడ్లు పెడుతున్నవాటిని మాత్రమే లెక్కేస్తారు, ఆ తర్వాత బీచి విస్తీర్ణం, ఒక తాబేలు గుడ్లు పెట్టడానికి పట్టే సమయం కలిపి మొత్తం ఎన్నో అంచనా కడతారు. ఆ అంచనాలో ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్పాలి, ఎకాలజిస్ట్, అంటే జీవులూ వాటి పరిసరాల మీద పరిశోధన చేసేవాళ్ల అవసరం అక్కడే పడుతుంది. స్టాటిస్టిక్స్ రాకుండా, ఆర్ అనే కంప్యూటర్ భాష రాకుండా ఆ పని చెయ్యలేరు.

మీరు చూసిన హేచరీ సంగతే తీసుకోండి. కుక్కలూ నక్కలూ గూళ్లు తవ్వేస్తాయని రాత్రే గుడ్లు తెచ్చి కంచె లోపల ఇసుకలో పూడుస్తారు కదా. పెట్టిన కొన్ని గంటల్లోనే తేవాలి, ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకి అంటుకుంటుంది, ఆ తర్వాత కదిపితే చచ్చిపోతుంది. ఇంకో విషయం, పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. దాదాపు 29 డిగ్రీల దగ్గర సగం సగం పుడతాయి, వేడి పెరిగేకొద్దీ అన్నీ ఆడవే, తగ్గితే మగవి. మరి మన హేచరీ ఇసుక వేడి, బయట బీచి ఇసుక వేడి ఒకటేనా? పైన నీడ వల కడితే ఏమవుతోంది? మంచి ఉద్దేశంతో చేస్తున్న పని వల్ల తెలియకుండా ఒకే రకం పిల్లల్ని సముద్రంలోకి పంపుతున్నామా? ఇలాంటి ప్రశ్న పట్టుకుని నాలుగు సీజన్లు గూళ్ల పక్కన థర్మామీటర్లు పాతిపెట్టి, రోజూ అంకెలు రాసుకుని జవాబు తేలిస్తే అది పీహెచ్‌డీ అవుతుంది. మీ అమ్మాయికి ఇది వినగానే ఉత్సాహం వస్తే మంచి గుర్తు. "తాబేళ్లని పట్టుకోనివ్వరా?" అని అడిగితే ఇంకొంచెం ఆలోచించనివ్వండి.

లెక్కల తర్వాత మనుషులు. జనవరి, ఫిబ్రవరిలో మీ ఒడ్డుకి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి, చూసే ఉంటారు. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి, మరబోటు లాగే ట్రాల్ వలలో ఇరుక్కుని గంటల తరబడి అడుగునే ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది. మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తాబేళ్లు గుడ్లు పెట్టేదేమో ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. అంటే అవి ఒడ్డుకొచ్చే రోజుల్లో వేట జోరుగా సాగుతుంటుంది. తాబేలు బయటపడేలా వలలో అమర్చే టెడ్ అనే కమ్మీల చట్రం ఉంది, దాన్ని పెడితే చేపా రొయ్యా కూడా పోతాయని బోటువాళ్ల బాధ. తాబేలు కోసం మా పొట్ట కొడతారా అని అడిగే మనిషి ఎదురుగా కూర్చుని, కోపం తెచ్చుకోకుండా, ఎంత పోతోందో అతనితో కలిసి తూకం వేసి చూడాలి. ఈ పని తెలుగు పిల్లలు బాగా చెయ్యగలరని నా నమ్మకం. మన ఒడ్డు మీదే కాదు, దక్షిణ ఒడిశా తీరంలో నోలియా మత్స్యకారుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. బెంగళూరు నుంచో డెహ్రాడూన్ నుంచో వచ్చిన పరిశోధకులకి అక్కడ దుబాసీ కావాలి, మీ అమ్మాయికి అక్కర్లేదు.

ఇక చదువు. నీట్ మానెయ్యమనొద్దు, రాయనివ్వండి. బీవీఎస్సీ, అంటే పశువైద్యం సీటు వచ్చినా ఈ దారిలోకి రావొచ్చు, చచ్చిన తాబేలుకి పోస్టుమార్టం చేసి ఎందుకు చచ్చిందో చెప్పగల పశువైద్యులు తక్కువ. ఈఏపీసెట్ ద్వారా బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, అది కూడా మంచిదే, పైగా ఉద్యోగాలు ఎక్కువ. రెండూ కాకపోతే జువాలజీతో బీఎస్సీ, పక్కన స్టాటిస్టిక్స్ సొంతంగా నేర్చుకోవాలి. ఆ తర్వాత చేరే పీజీ చాలా ముఖ్యం. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీ, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ, ఈ రెండింటికీ సీట్లు చాలా తక్కువ. ఎన్‌సీబీఎస్‌లో ప్రతి ఏడాదీ బ్యాచ్ ఉండదు, డిగ్రీ రెండో ఏడాదిలోనే నోటిఫికేషన్లు చూసుకోవాలి. అవి రాకపోతే కొంప మునగదు. ఆంధ్రా యూనివర్సిటీలో, నెల్లూరు విక్రమ సింహపురిలో, తమిళనాడులో పరంగిపేట్టైలో, శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న పాండిచ్చేరి యూనివర్సిటీ కేంద్రంలో మెరైన్ బయాలజీ ఉంది. ఇంగ్లీషులో రాయడం ఇప్పట్నుంచే రోజూ ఒక పేజీ అలవాటు చెయ్యండి, పరిశోధన పత్రాలన్నీ అందులోనే రాయాలి.

డబ్బు సంగతి దాచను. డిగ్రీ మూడు నాలుగేళ్లు, పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, అంటే తను నిలదొక్కుకునేసరికి ఇరవై తొమ్మిది దాటుతుంది. డాక్టరు పీజీ చేసి బయటపడేసరికీ దాదాపు అదే వయసు, తేడా ఏంటంటే ఆ తర్వాత వచ్చే డబ్బు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. జేఆర్ఎఫ్ లేకుండా ప్రాజెక్టుల మీద పనిచేసే రోజుల్లో ఏడాది కాంట్రాక్టులు, మధ్యలో ఖాళీలు ఉంటాయి, అప్పుడు ఇంటి నుంచి సాయం కావాల్సి రావొచ్చు. ఆ ఓపిక మీకు లేదంటే ఇప్పుడే తనతో చెప్పండి, తప్పేం లేదు. చివరికి పని దొరికే చోట్లు చెప్పాలంటే, యూనివర్సిటీలు, వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, జువలాజికల్ సర్వే (దీని కేంద్రం ఒకటి మీకు దగ్గర్లో గోపాల్‌పూర్‌లోనే ఉంది), విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ (సముద్ర చేపల పరిశోధన సంస్థ), దక్షిణ్ ఫౌండేషన్, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు. ఐఎఫ్ఎస్‌కి, అంటే ఫారెస్ట్ సర్వీస్‌కి కూడా జువాలజీ, పశువైద్యం చదివినవాళ్లు రాయొచ్చు. పోర్టులు కడుతున్నప్పుడు పర్యావరణ ప్రభావం లెక్కగట్టే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. ఖాళీలు వందల్లో ఉండవు, ఒక్కో పోస్టుకి ఏళ్లు ఎదురు చూసినవాళ్లు నాకు తెలుసు.

వాళ్లమ్మగారి భయం గురించి. రాత్రి పని నిజమే, గుడ్లు పెట్టే కాలమంతా రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా నడకే. కానీ ఎవరూ ఒంటరిగా నడవరు. ఈ తాబేళ్లు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకున్నా నేరమే, అందుకే అటవీశాఖ అనుమతితో, ఊరి కుర్రాళ్లూ గార్డులూ కలిసిన జట్టుతో వెళ్తారు. ఈ రంగంలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా ఏ ప్రాజెక్టులో చేరేముందైనా బస ఎక్కడ, జట్టులో ఇంకెవరు ఆడవాళ్లు, ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి, ఈ మూడూ అడగాలి. అడిగితే విసుక్కునే చోటికి పంపొద్దు.

నా దగ్గరికి ఇలాగే వచ్చిన ఒకమ్మాయి డిగ్రీలో ఒక సీజన్ వాలంటీరుగా వెళ్లి ఇరవై రోజులకే తిరిగొచ్చేసింది. నిద్ర లేకపోవడం, ఇసుక దోమలు, రోజూ అదే నడక, తనవల్ల కాదంది. ఇప్పుడు మైక్రోబయాలజీ ల్యాబులో సంతోషంగా ఉంది. ఆ ఇరవై రోజులు వెళ్లకపోయి ఉంటే మాత్రం ఇంట్లోవాళ్లు ఆపేశారన్న బాధ ఏళ్ల తరబడి ఉండిపోయేది.

కాబట్టి ఈ ఏడాది ఫిబ్రవరి, మార్చి జోలికి పోవద్దు, పబ్లిక్ పరీక్షలు అప్పుడే. గుడ్డు పిల్లవడానికి నలభై అయిదు రోజుల పైనే పడుతుంది కాబట్టి పరీక్షలయ్యాక ఏప్రిల్లో మీ దగ్గరి హేచరీలో పిల్లలు బయటికొస్తుంటాయి. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడిగి వారం రోజులు తెల్లవారుజామున తనని తీసుకెళ్లండి. ఈసారి ఫోటోలు వద్దు, ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఏ గూడులో ఎన్ని గుడ్లు పూడ్చారు, ఎన్ని పిల్లలయ్యాయి, ఎన్ని పాడయ్యాయి, గార్డుని అడిగి తనే రాయాలి. తర్వాతి ఫిబ్రవరికి డిగ్రీలో ఉంటుంది, అప్పుడు వాళ్లమ్మగారితో సహా ముగ్గురూ రుషికుల్య వెళ్లి రండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, తాబేలు గొయ్యి తవ్వుతున్నంతసేపు దూరంగా వెనకే నిలబడండి, తెల్ల వెలుతురు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది.