గుమ్మటాల స్టేషన్ ఏది? నాంపల్లా, సికింద్రాబాదా?

గుమ్మటాలున్న ఒక పాత స్టేషన్ ఫోటో పెట్టి, ఇది నాంపల్లా, సికింద్రాబాదా అని ఒకరు అడిగారు. ఫోటో కింద "హైదరాబాద్ స్టేషన్, 1905" అని రాసి ఉంది, హైదరాబాద్ స్టేషన్ అంటే నాంపల్లే కాబట్టి అదే అనుకున్నారు. నా లెక్కన అది రెండూ కాదు, హైదరాబాద్‌లోనే ఉన్న కాచిగూడ స్టేషన్.

ముందు పైకప్పు చూడండి. మధ్యలో పెద్ద గుమ్మటం, రెండు పక్కలా చిన్న గుమ్మటాలు, వాటిని ఆనుకుని మినార్లు. ఈ వరస కాచిగూడదే. ముందు ఆగిన జట్కాలను పట్టించుకోకండి, అవి ఆ రోజుల్లో ఏ స్టేషన్ దగ్గరైనా ఉండేవే. ఈ భవనం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో కట్టారు. అంటే కింద రాసిన సంవత్సరం కుదరదు. నాంపల్లి అనుకున్నా అంతే, అది 1907లో వచ్చింది. పాత ఫోటోల కింద రాతలను నేనైతే చివర్లోనే నమ్ముతాను.

ఇంకా అనుమానముంటే కుడి మూలను పెద్దది చేసి పట్టాలు చూడండి. పట్టాల మధ్య దూరం పక్కనున్న మనిషి నడుము ఎత్తుకు కాస్త అటూఇటూగా ఉంది. అది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఒక మీటర్ దూరం. వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ అయితే ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు, దాదాపు మనిషి నిలువెత్తు ఉండాలి. కాచిగూడ మొదట్లో మీటర్ గేజ్ స్టేషనే. భవనం ఇప్పటికీ ఉంది, ముందు వైపు నుంచి పోల్చి చూసుకోవచ్చు.